మందుతో తీరని మొవ్వుకుళ్లు

పుచ్చ డెబ్బై అయిదు, ఎనభై రోజుల పంట. మొదటి నెలలో పట్టిన తెగులును రెండో నెలలో సరిదిద్దుకునే వ్యవధి దానికి లేదు. నాటిన నెలలోపే తీగ కొస నేల మీద పాకడం మానేసి నిక్కి పైకి లేచిందంటే, కణుపులు దగ్గరపడి ఆకులు గిడసబారి పసుపు మచ్చలు తేలాయంటే, ఆ తీగ మీద కాయ ఆశ వదులుకోవాల్సిందే. ఆ తర్వాత మొవ్వు నల్లబడి ఎండిపోతుంది. కాండం మీద గోధుమ రంగు చారలు వస్తాయి. అప్పటికే పిందె పట్టి ఉంటే అది వంకర తిరుగుతుంది, తొక్క మీద గుండ్రటి మచ్చలు పడతాయి. అలాంటి కాయను లారీకి ఎత్తే వ్యాపారి ఉండడు. అనంతపురం, కడప, ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండల దాకా పుచ్చ వేసే రైతులు దీన్ని క్లుప్తంగా ‘వైరస్ కొట్టింది’ అంటారు. శాస్త్రవేత్తల లెక్కలో దీని పేరు పుచ్చ మొవ్వుకుళ్లు తెగులు. ఉధృతంగా వచ్చిన ఏడాది పొలానికి పొలమే దున్నేయాల్సి వస్తుంది.

తీగ కొస లేచిన రోజునే రైతు మందుల దుకాణానికి వెళతాడు. అక్కడ ఒక పురుగుమందు, ఒక శిలీంధ్రనాశిని, పైన ఒక ‘టానిక్’ కలిపి ఇస్తారు. వారం తిరగకముందే రెండో దఫా, ఆపైన మూడోది. అప్పుకు తెచ్చిన మందులైతే ఆ ఖాతా పంట డబ్బులొచ్చే దాకా నడుస్తుంది. ఈ ఖర్చులో చాలా భాగం వృథా. వైరస్ సోకిన మొక్కను బాగు చేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. దుకాణదారుకు ఆ సంగతి తెలిసినా చెప్పడు, తెలియకపోతే చెప్పలేడు.

ఇందులో రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఈ వైరస్‌ను మోసే పురుగు ఊరంతా తిరుగుతుంది, వైరస్ ఊరంతా పాకుతుంది. నివారణ భారాన్ని మాత్రం ఒక్కో రైతు నెత్తిన, ఒక్కో పిచికారీ డబ్బాలో పెట్టి వదిలేశాం. మన ఉద్యాన విధానంలో అసలు లోపం ఇదే. ఈ తెగులు గురించి ప్రయోగశాలలకు తెలిసినదానికి, పొలంలో జరుగుతున్నదానికి మధ్య ఇంత దూరం ఉండటానికి కారణమూ అదే.

తెలుగు నేలకు ఈ వైరస్ కుటుంబం పాత పరిచయమే. వేరుశనగలో మొవ్వుకుళ్లును మన దేశంలో 1940ల చివర్లోనే గుర్తించారు. పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడ్డాక, 1970ల చివర్లో అక్కడి శాస్త్రవేత్తలు దీనికి మూలం టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అని చెప్పారు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో పొగాకును, టమాటాను పీడించే వైరస్ అది. పదేళ్లకు పైగా పుస్తకాలన్నీ అదే రాశాయి. 1992లో ఇక్రిశాట్ శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి బృందం ఇది అసలు వేరే వైరస్ అని నిరూపించి, దానికి పీనట్ బడ్ నెక్రోసిస్ వైరస్ అని పేరు పెట్టింది. మోసుకొచ్చే పురుగు సంగతిలోనూ లెక్క తప్పింది. మొదట వేరే జాతి తామర పురుగును దోషిగా అనుకున్నారు. చివరికి ‘త్రిప్స్ పామి’ అనే లేత పసుపు తామర పురుగు అని తేలింది. తెగులును గుర్తించిన నలభై ఏళ్లకు గాని దాని వైరస్ ఏదో, వాహకం ఏదో సరిగా తెలియలేదు.

వేరుశనగలో ఇలా దారి పడ్డాక పుచ్చ పని కొంత తేలికైంది. 1990ల్లో బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎస్.జె. సింగ్, ఎం. కృష్ణారెడ్డి పుచ్చలో ఈ కొత్త తెగులును వర్ణించారు. జన్యు పరీక్షల్లో ఇది వేరుశనగ వైరస్‌కు దగ్గరి బంధువే గాని వేరే జాతి అని తేలింది. ఆ తర్వాత బీర, కీరా, కర్బూజ వంటి పాదుల్లోనూ, టమాటా, మిరపలోనూ దీని ఉనికి కనిపించింది. అంటే ఇది పుచ్చ పొలంలో పుట్టి పుచ్చ పొలంలోనే అంతమయ్యే తెగులు కాదు. ఏడాది పొడవునా ఏదో ఒక పంట మీద, ఏదో ఒక కలుపు మీద బతుకుతుంది.

తామర పురుగు ఇంచుమించు మిల్లీమీటరు పొడవుంటుంది. తెల్ల కాగితం మీద ఆకును దులిపితే తప్ప కంటికి ఆనదు. దానికీ ఈ వైరస్‌కూ ఉన్న సంబంధం విచిత్రమైనది. పురుగు పిల్లగా ఉన్నప్పుడు, అంటే రెక్కలు రాని తొలి రోజుల్లో, రోగపు మొక్కను తింటేనే వైరస్ దాని ఒంట్లో స్థిరపడుతుంది. రెక్కలొచ్చాక మొదటిసారి రోగపు ఆకు తిన్న పురుగు వైరస్‌ను మింగుతుందే గాని ఇంకో మొక్కకు అంటించలేదు. చిన్నప్పుడు అంటించుకున్నది మాత్రం బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. ఎందుకంటే వైరస్ ఆ పురుగు ఒంట్లోనే పెరిగి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. తల్లి నుంచి గుడ్డుకు మాత్రం పోదు. కాబట్టి ప్రతి తరమూ రోగపు మొక్క దగ్గర మళ్లీ మొదటి నుంచి అంటించుకోవాల్సిందే. టమాటా వైరస్ విషయంలో ఈ రహస్యం 1930ల తొలినాళ్లకే తెలిసింది. తొంభై ఏళ్ల నాటి ఈ జ్ఞానం మన మందుల సిఫారసు కాగితంలోకి ఇంకా దిగలేదు.

దీని నుంచి రెండు ముఖ్యమైన సంగతులు వస్తాయి. మీ పుచ్చ పొలంలోకి మొదట వచ్చే తెగులును మోసుకొచ్చేది పొలంలో పుట్టిన పురుగు కాదు. పక్క టమాటా తోటలోనో, గట్టు మీద కలుపులోనో పుట్టి పెరిగి, రెక్కలొచ్చి, గాలివాటున వచ్చి వాలిన పురుగు. అది వచ్చేటప్పటికే వైరస్‌తో ఉంది. దాన్ని చంపే మందు ఆకు మీద సిద్ధంగా ఉన్నా, మందు ఒంట్లోకి పోయి పురుగు చచ్చేలోపు అది ఒకటి రెండు చోట్ల రసం పీల్చి తన పని ముగించేస్తుంది. ఇక రెండోది: ఆ తొలి రోగపు మొక్కల మీద గుడ్లు పెట్టి, అక్కడే పుట్టిన పిల్లలు పెద్దవై పక్క మొక్కలకు పోయేటప్పుడు వచ్చే రెండో దాడి. వేడి కాలంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు రెండు వారాలు. పిచికారీ ఏమైనా ఉపయోగపడితే ఈ రెండో దాడిలోనే. అదీ పిల్ల పురుగులు పెద్దవి కాకముందు కొడితే. తీగ కొస లేచాక పొలమంతా తడిపి కొట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంకో చిక్కుంది. ఆడ పురుగు గుడ్లను ఆకు కణజాలం లోపల దూర్చి పెడుతుంది. ప్యూపా దశ నేలలో గడుస్తుంది. పెద్ద పురుగులు పువ్వుల్లో, మొవ్వుల్లో దాక్కుంటాయి. ఏ పిచికారీ అయినా గుడ్డు, పిల్ల, ప్యూపా, పెద్ద పురుగు అనే నాలుగు దశల్లో ఒకటో రెండో అందుకోగలదంతే. మిగిలినవి తప్పించుకుంటాయి. మగ పురుగుతో కలవకుండానే ఆడది గుడ్లు పెట్టగలదు, వాటి నుంచి మగవి పుడతాయి. ఇలాంటి పురుగు మీద వారం వారం ఒకే రకం మందు కొడితే, దాన్ని తట్టుకునే సంతతిని మనమే ఎంచి పెంచినట్టవుతుంది. పూత సమయంలో ఉదయం పూట కొట్టే మందు ఇంకో నష్టం తెస్తుంది. పుచ్చలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. తేనెటీగ రాకపోతే కాయ కట్టదు, కట్టినా సొట్ట పడుతుంది. వైరస్ భయంతో కొట్టిన మందు వల్ల కాయ తగ్గితే ఆ నష్టాన్నీ రైతు వైరస్ ఖాతాలోనే రాసుకుంటాడు.

ఇక రోగ నిర్ధారణ. పుచ్చ, కర్బూజల్లో ‘వైరస్’ అనే ఒక్క మాట కింద కనీసం మూడు రకాల జబ్బులు కలిసిపోతున్నాయి. పేనుబంక మోసే మొజాయిక్ వైరస్‌లు ఒక గుంపు. ఇవి పురుగు నోటి కొసకు అంటుకుని క్షణాల్లో ఇంకో మొక్కకు చేరతాయి, కాసేపటికి పోతాయి. పురుగుమందు వాటిని ఆపలేదు. చుట్టూ జొన్న, మొక్కజొన్న వరసలు వేస్తే పేనుబంక ముందు వాటి మీద వాలి, అక్కడ రసం పీల్చేసరికే నోటిని అంటుకున్న వైరస్ పోతుంది. తెల్లదోమ మోసే ఆకుముడత, పసుపు వైరస్‌లు రెండో గుంపు. మన దేశపు టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్ ఈ గుంపులోదే. 2012లో అది స్పెయిన్‌లో తేలింది, అక్కడి గుమ్మడి జాతి పంటలను, కర్బూజను కుదిపేసింది. తామర పురుగు మోసే మొవ్వుకుళ్లు మూడోది. వీటి పక్కన శిలీంధ్రాల వల్ల వచ్చే బంక కారు తెగులు, ఎండు తెగులు కూడా తొలి రోజుల్లో కంటికి ఇలాగే కనిపిస్తాయి. మూడు పురుగులకు మూడు రకాల జాగ్రత్తలు కావాలి. ఎర అట్టల రంగు కూడా వేరే: తామర పురుగుకు నీలం, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు. ఏది వచ్చిందో తెలియకుండా అన్నింటికీ ఒకే కలగలుపు మందు కొట్టడం ప్రస్తుత వ్యవసాయం.

గుర్తింపులో పొరపాటు ఎంత ఖరీదైనదో 2000లో అనంతపురం చూసింది. ఆ ఖరీఫ్‌లో జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ మొవ్వులు నల్లబడి దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా. చూడటానికి అచ్చం మొవ్వుకుళ్లే. పరీక్షలు చేశాక అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. దాన్ని మోసేదీ తామర పురుగే గాని మోసే తీరు పూర్తిగా వేరు. వయ్యారిభామ మొక్కలో ఆ వైరస్ ఏ లక్షణమూ లేకుండా దాక్కుంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు ఒంటికి అంటించుకుని వేరుశనగ ఆకు మీదికి చేరుస్తాయి, ఆకును గీకే గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. అంటే ఆ తెగులుకు పురుగు మీద మందు కొట్టడం కన్నా, విత్తకముందే వయ్యారిభామను పీకడం, గట్లెంట జొన్న, సజ్జ వేయడం సరైన వైద్యం. వైరస్ పేరు తెలిసినప్పుడే వైద్యం మారింది. ఇరవై ఐదేళ్లు గడిచినా పుచ్చ రైతు తన పొలంలో వచ్చింది ఏ వైరసో సాగు ముగిసేలోపు తెలుసుకునే ఏర్పాటు మండల స్థాయిలో లేదు. వైరస్‌ను గుర్తించే ఎలైసా పరీక్ష మన విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు దశాబ్దాలుగా చేతనవును. పొలం గట్టున నిమిషాల్లో ఫలితం చూపే స్ట్రిప్పులు ఇతర దేశాల్లో టమాటా వైరస్‌లకు వాడుతున్నారు. పుచ్చకు అలాంటిది అందుబాటులోకి తేవడానికి అడ్డం సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడం కాదు. ఎవరూ దాన్ని తమ పనిగా పెట్టుకోలేదు.

పురుగు ఎప్పుడు వస్తుందన్నది పంట క్యాలెండర్ చెబుతుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తామర పురుగుల వలసలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒకసారి, జనవరిలో మరోసారి పెద్ద ఎత్తున వచ్చి వాలుతున్నట్టు తేలింది. ఆ జ్ఞానంతోనే వేరుశనగ రైతుకు ముందుగా విత్తమని, మొక్కలు దట్టంగా ఉంచమని చెప్పారు. ముందు విత్తితే వలస వచ్చే నాటికి మొక్క ముదురుతుంది. దట్టంగా ఉంటే తెగులు సోకిన మొక్కల శాతం తగ్గుతుంది. వేరుశనగలో ఎకరాకు లక్ష పైచిలుకు మొక్కలుంటాయి, కొన్ని పోయినా పక్కవి కమ్ముకుంటాయి. పుచ్చలో ఉండేవి కొన్ని వేలే. ఒక్కో మొక్క పోతే ఆ మేర నేల ఖాళీయే. అందుకే పుచ్చలో తొలి నెల రోజుల జాగ్రత్త మిగతా అంతటి కన్నా విలువైనది.

అయితే పుచ్చ నాటే తేదీని నిర్ణయించేది పురుగు కాదు, మార్కెట్. శివరాత్రి, రంజాన్, ఎండలు: ఈ మూడింటిని చూసుకునే రైతు విత్తుతాడు. వీటిలో రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి రెండో వారంలో మొదలైన ఉపవాసాలు 2025లో మార్చి మొదట్లోకే వచ్చాయి, ఆ తర్వాత ఫిబ్రవరిలోకి జారాయి. ఆ గిరాకీకి కాయ అందించాలంటే నవంబరు, డిసెంబరుల్లోనే నారు నాటాలి. అప్పుడు పొలాల్లో ఏముంటాయి? పూత మీద ఉన్న మిరప, కాపు మీద ఉన్న టమాటా, మొలకెత్తుతున్న రబీ వేరుశనగ. తామర పురుగుకు ఇంతకన్నా మంచి కాలం లేదు. లేత పుచ్చ తీగ సరిగ్గా జనవరి వలస దారిలో నిలబడుతుంది. 2021-22లో మిరపను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు వేరే జాతి. దాన్నీ పుచ్చ పురుగునూ ఒకటే అనుకుని ఒకే మందులు వాడటం వల్ల చెయ్యి కాల్చుకున్నవారు చాలామంది. రంజాన్ ధరను వదులుకోమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ తేదీకి నాటడంలో ఎంత ప్రమాదం ఉందో, ఆ ప్రమాదానికి తగ్గ ఏర్పాట్లు ఏమిటో ముందుగా చెప్పే బాధ్యత ఉద్యాన శాఖది.

ధర పడిపోయినప్పుడు ఏమవుతుందన్నది ఇంకో కోణం. కోత కూలి కూడా రాదని తెలిసిన రోజున రైతు పొలాన్ని అలాగే వదిలేస్తాడు. 2020 లాక్‌డౌన్ వేళ పుచ్చ పొలాలు అలా మిగిలిపోవడం చూశాం. కోయని తీగ మీద పురుగు పెరుగుతుంది, వైరస్ పెరుగుతుంది, రెండూ ఎగిరి తర్వాత నాటిన తోటలోకి పోతాయి. వదిలేసిన పొలాన్ని వెంటనే దున్నించడానికి ట్రాక్టరు ఖర్చు ఇస్తే ఆ సొమ్ము చుట్టుపక్కల పది తోటలను కాపాడుతుంది. మద్దతు ధరల చర్చలో ఈ కోణం ఎక్కడా వినపడదు.

పొలంలో పనిచేసే ఉపాయాలు లేకపోలేదు. నారును ప్రోట్రేల్లో, పురుగు దూరని సన్నటి వలల కింద పెంచితే తొలి రెండు వారాలు గట్టెక్కినట్టే. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న మల్చింగ్ షీటు వెలుతురును తిరగ్గొట్టి తామర పురుగును, పేనుబంకను దిక్కు తప్పిస్తుంది. నాటిన రోజు నుంచి పూత దాకా తెల్లటి పలుచని క్రాప్ కవర్ కప్పడం అన్నిటికన్నా నమ్మకమైన అడ్డు. ఆడ పువ్వులు కనిపించగానే తేనెటీగల కోసం దాన్ని తీసేయాలి. నాటడానికి రెండు మూడు వారాల ముందే పొలం చుట్టూ మూడు వరసల జొన్నో మొక్కజొన్నో వేస్తే గాలివాటున వచ్చే పురుగు కొంత అక్కడే ఆగుతుంది. తొలి ముప్పై రోజుల్లో అనుమానం వచ్చిన మొక్కను పీకి గట్టున పారేయకుండా సంచిలో కట్టి తీసుకెళ్లి పూడ్చాలి. వీటన్నిటి మీదే పురుగుమందు మొదట్లో ఒకటి రెండు సార్లు, రకం మారుస్తూ వాడితే దానికి అర్థం ఉంటుంది.

ఇవన్నీ ముందుగా పెట్టాల్సిన ఖర్చులు. సొంత భూమి, డ్రిప్, చేతిలో డబ్బు ఉన్నవాడు పెడతాడు. మన దగ్గర పుచ్చ వేసేవారిలో కౌలుదార్లు తక్కువేమీ కాదు. మూడు నెలల పంటకు నేల తీసుకుని, అందులో డబ్బు తిప్పుకుని వెళ్లేవాళ్లు. ఉద్యాన మిషన్ కింద మల్చింగ్ షీటుకు రాయితీ ఉంది గాని, పాసు పుస్తకం లేని కౌలు రైతుకు అది అందడం కష్టం. అందుకే అతను చవకైన దారి ఎంచుకుంటాడు. ఆ చవకైన దారి అప్పు మీద దొరికే పిచికారీ మందు. కొన్న రోజున చవకే, నెల తిరిగేసరికి అన్నిటికన్నా ఖరీదైనది. వాతావరణ ఆధారిత బీమా వానను, ఉష్ణోగ్రతను, గాలిని కొలుస్తుంది. తీగ మీద తామర పురుగును కొలవదు.

నర్సరీల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. నారు కొనుక్కునే రైతులు ఏటేటా పెరుగుతున్నారు. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు. నారు మొక్కల్లో తెగులు ఉందంటే అది నర్సరీలో అంటినదే. ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే ఉద్యాన నర్సరీల నియంత్రణకు చట్టం వచ్చింది. నర్సరీ పేరు నమోదయిందా అన్నది చూసే తనిఖీ ఉంది. వల చిరిగి ఉందా, నీలం అట్ట మీద ఎన్ని పురుగులు పడ్డాయి, పక్కనే టమాటా తోట ఉందా అన్నవి చూసే తనిఖీ కావాలి.

శాశ్వత పరిష్కారం తట్టుకునే విత్తనమే అని అందరూ ఒప్పుకుంటారు. బెంగళూరు సంస్థ ఇచ్చిన అర్క మాణిక్ రకం బూడిద తెగులు, బూజు తెగులు, మచ్చ తెగుళ్లను తట్టుకుంటుంది గాని మొవ్వుకుళ్లుకు తల వంచుతుంది. ఈ వైరస్‌ను నిలబడి ఎదుర్కొనే పుచ్చను పెంచడంలో పరిశోధకులకు ఎదురైన చిక్కు కూడా చెప్పాలి. మొక్క రసంలోంచి తీసిన ఈ వైరస్ బయట ఎక్కువసేపు నిలవదు. చల్లటి ద్రావణంలో, వేగంగా, నైపుణ్యంతో అంటిస్తే తప్ప వందల రకాలను ఒకే తీరున పరీక్షించడం కుదరదు. పొలంలో తెగులు రాలేదు కాబట్టి ఆ రకం తట్టుకుంటుందని చెప్పడం తప్పుదారి. ఆ ఏడాది పురుగే రాకపోయి ఉండవచ్చు. ఇక మార్కెట్లో హైబ్రిడ్ ప్యాకెట్ల మీద ‘వైరస్ తట్టుకుంటుంది’ అన్న రాత చూస్తుంటాం. ఏ వైరస్? ఏ పరీక్షలో? ఏ శాతం? ఈ మూడింటికీ జవాబు లేకుండా ఆ మాట ముద్రించడానికి విత్తన కంపెనీలకు అనుమతి ఉండకూడదు.

ఎదురు చూడదగ్గ ఆశ ఎక్కడుందో అమెరికా అనుభవం చూపిస్తుంది. 2006 శరదృతువులో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ, అరిజోనాలోని యూమా ప్రాంతాల్లో కర్బూజ తోటలు ఒక్కసారిగా పసుపెక్కి చప్పబడ్డాయి. తెల్లదోమ మోసుకొచ్చిన కుకుర్బిట్ యెల్లో స్టంటింగ్ డిజార్డర్ వైరస్ దానికి మూలం. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ప్రపంచమంతటి కర్బూజ విత్తన సేకరణలను జల్లెడ పట్టినప్పుడు నిరోధం కనిపించిన వాటిలో పీఐ 313970 అనే రకం ముఖ్యమైనది. అది భారతదేశం నుంచి సేకరించిన విత్తనం, అసిడ్యులస్ అనే దేశీ వర్గానిది. మనం పప్పులో, పచ్చడిలో వేసుకునే గుండ్రటి పసుపు దోసకాయ ఆ వర్గంలోదే. వృక్షశాస్త్రం ప్రకారం అది కీరాకు కాదు, కర్బూజకు చుట్టం. పేనుబంకనూ, అది మోసే వైరస్‌నూ ఎదుర్కొనే పీఐ 414723 అనే మరో కర్బూజ విత్తనం కూడా ఇక్కడి నుంచే వెళ్లింది. కాలిఫోర్నియా తోటకు కావాల్సిన నిరోధం భారతీయ దోస గింజలో దొరికినప్పుడు, రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రంలో, ఊళ్లలో ఇంటి పెరడు దోసల్లో ఏముందో మనం ఎందుకు వరసగా పరీక్షించడం లేదు? పుచ్చ ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. మొవ్వుకుళ్లును తట్టుకునే గుణాన్ని దాని అడవి చుట్టాల్లో, ముఖ్యంగా మన దేశపు ఇసుక నేలల్లో మొలిచే చేదుపుచ్చలో వెతకాలి. వెంకట్రామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి పదేళ్ల పనిగా చేపట్టదగినది ఇది. ఏడాదికో ప్రాజెక్టుగా ముక్కలు చేస్తే సాగదు.

విత్తనం వచ్చేదాకా? ఇజ్రాయెల్‌లోని అరావా లోయ చేసిన పని చెప్పుకోవచ్చు. తెల్లదోమ, పేనుబంక వైరస్‌లతో విసిగిన అక్కడి రైతులు ఏటా ఎండాకాలంలో కొన్ని వారాల పాటు లోయ మొత్తం మీద ఆ వైరస్‌లు పట్టే పంటలు ఒక్క మొక్క కూడా లేకుండా చేశారు. వైరస్ తలదాచుకునే చోటు పోయింది, తర్వాతి సాగులో తెగులు బాగా తగ్గింది. ఎడారిలో ఒంటరిగా ఉన్న లోయ కాబట్టి అది సాధ్యమైంది. మన ఊళ్లలో అంతటి పంటల విరామం జరిగే పని కాదు, జరగాలనీ అనను. కానీ పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం డిసెంబరు, జనవరికల్లా పంట తీసేయమని ఏళ్లుగా చెబుతున్నాం. అది సగం సగంగానే అమలవడానికి కారణం రైతు మొండితనం కాదు. తీసేసిన పంట బదులు ఏం వేయాలో, ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పకపోవడం. పుచ్చలో ఆ పొరపాటు చేయనక్కరలేదు. మండలంలో పుచ్చ నాటే కాలాన్ని రెండు వారాల కిటికీలోకి తేగలిగినా చాలు. ఒక తోట ముగుస్తుండగా పక్కనే లేత తోట లేకపోతే పురుగుకు వంతెన తెగినట్టే.

ఇందుకు కొత్త శాఖ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వారానికోసారి ఊరికి నాలుగైదు చోట్ల నీలం అట్టలు చూసి, తామర పురుగుల లెక్కను ఫోను సందేశంగా పంపడం ఒక మనిషి పని. ఆ లెక్క చూసి నాటే వారాన్ని రైతులే కూర్చుని తేల్చుకోగలరు. అనుమానపు మొక్కను జిల్లా కేంద్రానికి పంపితే మూడు రోజుల్లో ఏ వైరసో చెప్పే ఒక పరీక్ష కేంద్రం, కౌలు రైతుకు కూడా చేరే క్రాప్ కవర్ రాయితీ, వదిలేసిన తోటను దున్నడానికి చిన్న మొత్తం: ఈ మూడింటికి అయ్యే ఖర్చు ప్రస్తుతం వృథా మందులకు రైతులు పెడుతున్నదానిలో చిన్న వాటాయే అవుతుందని నా అంచనా. రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు వచ్చే సాగుకాలంలో పుచ్చ ఎక్కువగా వేసే ఒక్కో మండలాన్ని ఎంచుకుని దీన్ని మొదలుపెట్టాలి. ఫలితం ఎలా వచ్చినా, నాటిన తేదీలతో, పురుగుల లెక్కలతో, పోయిన మొక్కల లెక్కలతో సహా దాన్ని రైతులకు బహిరంగంగా చూపాలి.